రాజకీయ కార్టూన్ ఎలా తయారవుతుంది: ఒక వార్త పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా

కార్టూన్లు నేర్చుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ పెన్ను కొనాలి, ఏ ట్యాబ్లెట్ మంచిది అని. వాటి గురించీ చెబుతాను కానీ, వ్యాసం సగం దాటాక. ఎందుకంటే రాజకీయ కార్టూనిస్టు రోజులో ఎక్కువ సేపు బొమ్మ వెయ్యడు. చదువుతాడు, ఆలోచిస్తాడు, రాసుకున్నది కొట్టేస్తాడు. గీసే గంటా గంటన్నరా చివర్లో వస్తుంది. కార్టూన్ అంటే ముందు ఒక అభిప్రాయం. అది తేలకుండా గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా పేజీలో ఖాళీని నింపుతుంది, అంతే.

ఉత్త సూత్రాలు చెబితే పట్టుబడవు కాబట్టి ఒక నిజమైన వార్త తీసుకుందాం. 2023 మార్చి 17న తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను రద్దు చేసింది. 503 పోస్టుల కోసం 2022 అక్టోబర్ 16న జరిగిన ఆ పరీక్షను 2.8 లక్షల మందికి పైగా రాశారు. ప్రశ్నపత్రాలు కమిషన్‌లోని కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచే బయటికి వెళ్లాయని, అరెస్టయినవాళ్లలో కమిషన్ ఉద్యోగులు ఉన్నారని అప్పటికే వార్తలొచ్చాయి. మళ్లీ జూన్ 11న పరీక్ష పెడతామన్నారు. ఆ సాయంత్రం మీరు మర్నాటి పేపర్‌కి కార్టూన్ ఇవ్వాలి అనుకోండి.

ముందు చదవడం

ఒక్క పేపర్ చదివి కార్టూన్ వెయ్యకూడదు. తెలుగులో ఏ పత్రిక ఏ పార్టీకి దగ్గరో పాఠకులకి బాగా తెలుసు. అందుకే కనీసం మూడు నాలుగు పేపర్లు, అందులో మీకు నచ్చని ధోరణి ఉన్నది ఒకటి తప్పనిసరిగా చదవాలి. కమిషన్ విడుదల చేసిన ప్రకటన దొరికితే దాన్నే నేరుగా చదవండి. నోట్‌బుక్‌లో పేజీని రెండుగా గీత కొట్టి, ఒకవైపు ఖాయమైనవి, రెండోవైపు ఆరోపణలు రాసుకోండి. పరీక్ష రద్దయింది అన్నది ఖాయం. ఫలానా నాయకుడి హస్తం ఉంది అన్నది ఆ రోజుకి ఆరోపణ. కార్టూన్ మొదటి వైపు నుంచే పుట్టాలి. రెండోవైపు నుంచి పుడితే రేపు దర్యాప్తులో ఇంకోటి తేలినప్పుడు మీ బొమ్మ అబద్ధమైపోతుంది.

తర్వాత ఈ వార్త ఎవరి ఇంట్లో పడిందో చూడాలి. ఇక్కడ అది హైదరాబాద్‌లో అశోక్‌నగర్ అద్దె గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్ల మీద పడింది. ఉద్యోగం మానేసి చదువుతున్నవాళ్లు, ఇంటి నుంచి నెల నెలా డబ్బు తెప్పించుకుంటున్నవాళ్లు. మంత్రుల ప్రకటనలు, ప్రతిపక్షాల సవాళ్లు చదివి చదివి మనకి వీళ్లు కనపడకుండా పోతారు. కార్టూనిస్టు ముందు చూడాల్సింది వీళ్లనే.

ఒక్క వాక్యం

పెన్సిల్ పట్టుకునే ముందు మీ అభిప్రాయాన్ని ఒకే వాక్యంలో రాయండి. ఇదే అన్నిటికంటే కష్టమైన మెట్టు, చాలామంది దాటేసేది కూడా ఇదే.

మొదట "పేపర్ లీక్ దారుణం" అని వస్తుంది. అది కోపం, అభిప్రాయం కాదు. దాన్ని కాదనేవాడు ఎవడూ ఉండడు కాబట్టి దాంతో కార్టూన్ కాదు. తర్వాత "నిరుద్యోగుల జీవితాలతో ఆటలా" అని వస్తుంది. అది ధర్నాలో ప్లకార్డు మీదికి పనికొచ్చే మాట. ఇంకొంచెం తవ్వితే ఇలా తేలుతుంది: "తప్పు చేసింది లోపలివాళ్లు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సింది మాత్రం ఏ తప్పూ చెయ్యనివాళ్లు." ఇందులో ఇద్దరు మనుషులున్నారు. వాళ్ల మధ్య ఒక అన్యాయం ఉంది. వెనక్కి వెళ్లడం అనే ఒక కదలిక ఉంది. బొమ్మకి కావలసినవన్నీ ఉన్నాయి. పైగా దీంతో వాదించేవాళ్లు కూడా ఉంటారు, రద్దు చేయకపోతే నిజాయితీగా రాసినవాళ్లకి ఇంకా అన్యాయం కదా అంటారు. ఎవరో ఒకరు ఎదురు చెప్పగలిగితేనే అది అభిప్రాయం.

మంచి కార్టూన్ చూసినప్పుడల్లా దాని వెనకున్న వాక్యాన్ని బయటికి లాగి చూడండి. ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబర్ 10న, ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం వేసిన కార్టూన్ ఉంది. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలో కూర్చునే సంతకం చేసిన కాగితాన్ని తలుపు సందులోంచి ఇస్తుంటారు. ఇంకా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమని చెప్పమంటారు. దాని వెనక వాక్యం: రాష్ట్రపతి ఆలోచించే తీరిక కూడా లేకుండా సంతకాలు పెడుతున్నారు. ఎలుగుబంటి, సింహం, మునిగిపోతున్న పడవ లాంటి పోలికలేవీ అక్కర్లేకుండా ఒక్క సన్నివేశంతో పని జరిగిపోయింది. వాక్యం అంత స్పష్టంగా ఉండబట్టే బొమ్మ అంత సాదాగా ఉండగలిగింది.

బొమ్మ కోసం వెతుకులాట

ఇప్పుడు ఆ వాక్యానికి రూపం వెతకాలి. అగ్గిపెట్టె సైజు డబ్బాలు పేజీ నిండా గీసుకుని ఒక్కోదాంట్లో ఒక్కో ఆలోచన పడెయ్యండి. బొమ్మ బాగా రావాలన్న టెన్షన్ అక్కర్లేదు, మీకు అర్థమైతే చాలు.

లీక్ అనగానే మొదట కారుతున్న కుళాయి వస్తుంది. వదిలెయ్యండి. మీకు మొదట వచ్చింది అదే వార్త చదివిన మిగతా కార్టూనిస్టులందరికీ మొదట వస్తుంది. మర్నాడు నాలుగు పేపర్లలో నాలుగు కుళాయిలు కనిపిస్తాయి. రెండోది వైకుంఠపాళి. పైదాకా ఎక్కిన కుర్రాణ్ణి పెద్ద పాము మింగి కిందికి దించేస్తుంది. వెనక్కి వెళ్లడం బాగానే కుదిరింది. కానీ వైకుంఠపాళిలో పాము నోట్లో పడటం పాచికల అదృష్టం మీద ఆధారపడింది. పేపర్ బయటికి వెళ్లడం దురదృష్టం కాదు, కొందరు మనుషులు చేసిన పని. ఈ బొమ్మ వేస్తే తప్పు చేసినవాళ్లని మనమే వదిలేసినట్టు.

మూడోది పట్టువదలని విక్రమార్కుడు. చెట్టు మీది నుంచి బేతాళుణ్ణి దించి భుజాన వేసుకుని నడుస్తాడు, బేతాళుడు మళ్లీ ఎగిరి చెట్టెక్కుతాడు. విక్రమార్కుడి స్థానంలో అభ్యర్థి, బేతాళుడి స్థానంలో గ్రూప్-1. పట్టుదల, మళ్లీ మొదటికి రావడం రెండూ ఉన్నాయి. తెలుగు పాఠకుడికి వివరించక్కర్లేదు. చాలామంది ఇక్కడ సంబరపడి బొమ్మ వేసేస్తారు.

ఆగండి. కథలో బేతాళుడు ఎందుకు ఎగిరిపోతాడు? రాజు నోరు విప్పి మౌనం తప్పాడు కాబట్టి. అంటే తప్పు రాజుదే. యథాతథంగా వేస్తే ఈ పోలిక నింద మొత్తం అభ్యర్థి మీద పెడుతుంది, మన వాక్యానికి సరిగ్గా తలకిందులు. ఏ పోలిక తీసుకున్నా దాని అసలు కథలో తప్పెవరిది, ఫలితం ఎవరికి, ఎందుకు అని అడిగి తీరాలి. పాఠకుడికి ఆ కథ మనకంటే బాగా తెలిసి ఉంటుంది. సగం కార్టూన్లు ఇక్కడే దెబ్బతింటాయి.

ఈ చిక్కే మనకి కార్టూన్ ఇస్తుంది. రాజు నోరు విప్పలేదు, అయినా బేతాళుడు ఎగిరిపోయాడు. కథకీ వార్తకీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మన అభిప్రాయం ఉంది. పోలిక ముప్పాతిక వంతు కుదిరి, ఒక్కచోట కావాలని విరిగితే కార్టూన్ పదునెక్కుతుంది.

ఇంకో సంగతి. బేతాళుడంటే శవంలో ఉన్నవాడు. పరీక్షల రద్దు లాంటి రోజుల్లో ఏ అభ్యర్థి అయినా ప్రాణం తీసుకున్నాడన్న వార్త వస్తే, శవాన్ని మోస్తున్న బొమ్మ ఆ ఇంటివాళ్లు చూడలేరు. అందుకే ఇక్కడ బేతాళుడి ఒంటిని పుస్తకాలు, ప్రశ్నపత్రాల కట్టలా వెయ్యడం మంచిది. కార్టూన్ ఎవరిని గుచ్చాలో వాళ్లనే గుచ్చాలి. కులం, ఒంటి రంగు, వైకల్యం, ఆడవాళ్ల వేషభాషల మీద నవ్వించడం తేలిక. అలా నవ్విస్తే అధికారంలో ఉన్నవాడు హాయిగా తప్పించుకుంటాడు.

మాట

మాటని కూడా బొమ్మలాగే చెక్కాలి. మొదటి ముసాయిదా ఇలా ఉంటుంది: "రాజా, నువ్వు దారంతా మౌనంగానే ఉన్నావు. అయినా కమిషన్‌లో కొందరు పేపర్ బయటపెట్టడం వల్ల నేను మళ్లీ చెట్టెక్కాల్సి వస్తోంది." అంతా ఉంది, పస లేదు. బొమ్మలో కనిపిస్తున్నదాన్ని మాటల్లో మళ్లీ చెప్పింది. చెట్టెక్కడం కనిపిస్తోంది, తీసెయ్యండి. కమిషన్ అన్నది చెట్టుకి తగిలించిన బోర్డు మీద ఉంటుంది, తీసెయ్యండి. మిగిలింది: "నువ్వు నోరు విప్పలేదు రాజా, వాళ్లు సీలు విప్పారు!"

బాగుంది, కానీ నిజమేనా? వార్త ప్రకారం పేపర్లు కంప్యూటర్ నుంచి వెళ్లాయి, కవరు సీలు ఎవరూ విప్పలేదు. చిన్న విషయమే అనిపించొచ్చు. అయినా ఒక వివరం తప్పయితే ఎదుటివాడు దాన్నే పట్టుకుని మొత్తం కార్టూన్‌ని కొట్టిపారేస్తాడు. "వాళ్లు గుట్టు విప్పారు" అంటే సరిపోతుంది. రహస్యంగా ఉంచాల్సిన విభాగం నుంచే బయటపడింది కాబట్టి మాట వార్తకి అతుకుతుంది, పైమాటతో జతా కుదురుతుంది. చివరికి ఖాయమైంది: "నువ్వు నోరు విప్పలేదు రాజా... వాళ్లు గుట్టు విప్పారు!" ఏడు మాటలు. గట్టిగా చదివి చూడండి. నాలుక ఎక్కడైనా తడబడితే అక్కడ మాట మార్చాలి.

మాట అసలు అక్కర్లేకపోతే ఇంకా మంచిది. ఆర్.కె. లక్ష్మణ్ కామన్ మ్యాన్ దశాబ్దాల పాటు నోరు మెదపకుండా పక్కన నిలబడి చూశాడు. ఆయన చూస్తున్నాడన్నదే వ్యాఖ్య.

రఫ్ స్కెచ్

తెలుగు చదివే కన్ను ఎడమ నుంచి కుడికి పోతుంది. కుడివైపు నడిచే మనిషి ముందుకు పోతున్నట్టు, ఎడమవైపు పోయేవాడు వెనక్కి మళ్లినట్టు అనిపిస్తుంది. అందుకని చెట్టు ఎడమ పక్కన, కుడివైపుకి నడుస్తున్న రాజు కుడి పక్కన. బేతాళుడు ఎడమకి ఎగురుతూ మొహం మాత్రం వెనక్కి తిప్పి మాట్లాడతాడు. మాటల బుడగ రాజు తల మీద పెట్టాలి. కన్ను చెట్టు దగ్గర మొదలై, ఎగురుతున్న బేతాళుణ్ణి చూసి, మాట చదివి, కిందికి దిగి రాజు మొహం మీద ఆగుతుంది. "నోరు విప్పలేదు" అని చదివిన వెంటనే గట్టిగా మూసుకున్న ఆ నోరు కనపడాలి. పళ్ల మధ్య హాల్ టికెట్ కరిచి పట్టుకున్నట్టు వేస్తే అతను అభ్యర్థి అని తెలుస్తుంది, నోరు విప్పలేదనీ తెలుస్తుంది. ఒక్క వివరం రెండు పనులు చేసింది. ఇక అతని మీద "నిరుద్యోగి" అని రాయక్కర్లేదు. బేతాళుడి మీద "గ్రూప్-1", చెట్టు మీద "కమిషన్", రెండే రెండు లేబుళ్లు. మూడోది అవసరమనిపిస్తే బొమ్మలో ఏదో లోపం ఉన్నట్టు. "వాళ్లు" ఎవరన్న అనుమానం రాకుండా చెట్టు తొర్రలోంచి రెండు మూడు కాగితాలు జారుతున్నట్టు చూపిస్తే చాలు.

ఈ బొమ్మకి మూడు కాలమ్‌ల వెడల్పు కావాలి. మీకు దొరికింది మొదటి పేజీలో ఒకే కాలమ్ పాకెట్ కార్టూన్ స్థలమైతే చెట్టు పోవాలి. హాల్ టికెట్ కరిచిన రాజు, ఖాళీ భుజం, పైన చట్రం దాటి పోతున్న బేతాళుడి కాళ్లు, కింద మాట. అదీ సరిపోతుంది. ఈనాడులో కార్టూనిస్టు శ్రీధర్ 2021 వరకు దాదాపు నాలుగు దశాబ్దాలు అంత చిన్న చోటులోనే ప్రభుత్వాలతో మాట్లాడారు. ఒకరిద్దరు మనుషులు, నేపథ్యం దాదాపు శూన్యం.

రఫ్‌ని ఎడిటర్‌కి ఈ దశలోనే చూపించండి. ఇంకు పూర్తయ్యాక మార్చమంటే గొడవ, ఇప్పుడు మార్చమంటే చర్చ. దగ్గర్లో ఉన్న ఇంకెవరికైనా కూడా ఏమీ చెప్పకుండా చూపించండి. అర్థమైందా అని అడగొద్దు, ఏమర్థమైందని అడగండి.

క్యారికేచర్ అవసరమైనప్పుడు

క్యారికేచర్ అంటే ఒక మనిషి పోలికల్ని పెంచి గీసే బొమ్మ. ఈ కార్టూన్‌లో నాయకుడు లేడు, ఉద్దేశపూర్వకంగానే. ఆ రోజుకి తేలినదాన్ని బట్టి నింద పడేది సంస్థ మీద. నాయకుణ్ణి వెయ్యాల్సి వస్తే ఒక్క ఫోటో చూసి గియ్యకండి, వీడియోలు చూడండి. మనిషి పోలిక ముక్కులో కంటే నిలబడే తీరులో, మెడ వంపులో, చెయ్యి ఊపే పద్ధతిలో ఎక్కువగా ఉంటుంది. పి.వి. నరసింహారావు అంటే ముందుకొచ్చిన పెదవులు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి అంటే పంచెకట్టు, చెయ్యెత్తి చేసే అభివాదం. మొహంలో అన్నీ పెంచితే ఎవరో తెలియకుండా పోతుంది. ఒకటి రెండు పెంచి మిగతావి తగ్గించాలి. మన తెలుగు కార్టూనిస్టు శంకర్ పామర్తి వేసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రీ (మొదటి బహుమతి) వచ్చింది. నేర్చుకునేవాళ్లు దాన్ని చాలాసేపు చూడాలి. అతిశయం ఎంత ఉన్నా అందులో మండేలా పట్ల గౌరవం ఎక్కడా తగ్గదు.

ఇంకు, సరంజామా

కాగితం మీద వేసేవాళ్లకి హెచ్‌బీ పెన్సిల్, ఇంకు పీల్చని నున్నటి ఐవరీ కార్డు, నీటికి చెదరని నల్ల ఇండియన్ ఇంకు, 2 లేదా 3 నంబర్ బ్రష్, ఒక డిప్ పెన్ను చాలు. అచ్చయ్యే సైజుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెద్దగా వెయ్యండి. లైట్ బాక్స్ (కింది నుంచి వెలుగు వచ్చే పలక) ఉంటే రఫ్ మీద కార్డు పెట్టి నేరుగా ఇంకు చెయ్యొచ్చు, పెన్సిల్ చెరపడం తప్పుతుంది. డిజిటల్‌లో అయితే ట్యాబ్లెట్ ఏదైనా పర్వాలేదు. క్రీటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పత్రిక పనికి అది సరిపోతుంది.

గీతలన్నీ ఒకే మందంలో ఉంటే బొమ్మ చచ్చిపోతుంది. ముందున్న రాజుకి లావు గీత, వెనకున్న చెట్టుకి సన్న గీత. దట్టమైన నలుపు ఎక్కడ పడాలో ముందే అనుకోండి, కన్ను మొదట అక్కడికే పోతుంది. ఇక్కడ చెట్టు తొర్ర నల్లగా ఉండాలి. న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చి చుక్కను పెద్దది చేస్తుంది కాబట్టి నీడ కోసం వేసే అడ్డగీతలు మరీ దగ్గర దగ్గరగా ఉంటే అచ్చులో ముద్దయిపోతాయి. ఫోన్‌లో ఫోటో తీసి బొటనవేలంత చేసి చూడండి. అప్పటికీ తెలిస్తే అచ్చులోనూ తెలుస్తుంది.

అక్షరాలు

బుడగ గీసి అందులో మాటలు ఇరికించకండి. ముందు మాట రాసి దాని చుట్టూ బుడగ గియ్యండి. తెలుగుకి పైన గుడి దీర్ఘాలు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఇంగ్లిష్‌కి ఇచ్చే ఖాళీ చాలదు. "విప్పలేదు"లో ప-ఒత్తు కింది వరసని గుద్దుకుంటే చదివేవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది. చేతిరాత కుదిరితే చేతిరాతే వాడండి, గీతా అక్షరమూ ఒక్క చేతివే అయితే బొమ్మ నిండుగా ఉంటుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ ఫాంట్ వాడేవాళ్లు టైప్ ప్రిఫరెన్సుల్లో తెలుగు లాంటి లిపుల కోసం ఉన్న లేఅవుట్‌ని ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. పంపే ముందు స్పెల్లింగ్‌ని ఇంకొకరి చేత చూపించాలి.

ప్రెస్‌కి పంపడం

నలుపు తెలుపు గీతబొమ్మని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చెయ్యండి, రంగులదైతే అచ్చు సైజులో 300 సరిపోతుంది. సీఎంవైకే (అచ్చుకి వాడే నాలుగు ఇంకుల) మోడ్‌లో గీతలు ఒక్క నల్ల ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులూ కలిపిన నలుపు వాడితే ప్లేట్లు కాస్త జరిగినా గీత చుట్టూ రంగుల అంచు వస్తుంది. రంగులు తేలికగా వెయ్యండి, న్యూస్‌ప్రింట్ మీద అవి ముదురుతాయి.

చట్టం

భయపడి గియ్యకూడదు, తెలియక గియ్యకూడదు. వాక్ స్వాతంత్ర్యం రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చింది, 19(2) దానికి హద్దులు పెట్టింది. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. 2012లో కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని ఆయన కార్టూన్ల మీద రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. అదే ఏడాది జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్రని ఒక వ్యంగ్యచిత్రం పంచుకున్నందుకు అరెస్టు చేశారు. సోషల్ మీడియా పోస్టుల మీద విరివిగా వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చట్టసభల హక్కుల విషయం వేరు. 1987లో ముఖచిత్రం మీద వేసిన ఒక జోకుకి తమిళ వారపత్రిక ఆనంద వికటన్ సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణ్యన్‌కి తమిళనాడు అసెంబ్లీ మూడు నెలల శిక్ష వేసింది.

మన ఉదాహరణలో నిందితులు అరెస్టయ్యారు కానీ నేరం రుజువు కాలేదు. అందుకే వాళ్ల మొహాలు, పేర్లు బొమ్మలో లేవు. తేదీలు రాసుకున్న నోట్‌బుక్ పేజీ, కత్తిరించిన వార్తలు దాచి పెట్టండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీ దగ్గర ఉండే ఆధారం అదే.

అచ్చయ్యాక

ఒరిజినల్ వెనక తేదీ, ఏ వార్త మీద వేశారో రాసి భద్రపరచండి. పాడైపోయిన ఆలోచనల పేజీ కూడా పారెయ్యొద్దు. అయితే పాత బొమ్మని కొత్త వార్తకి తగిలించే ముందు మళ్లీ వాక్యం దగ్గరికే వెళ్లాలి. 2023 జూన్ 11న జరిగిన రెండో ప్రిలిమ్స్‌ని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. బేతాళుడు మళ్లీ చెట్టెక్కాడు కదా అనిపిస్తుంది. కానీ ఈసారి కారణం లీక్ కాదు, బయోమెట్రిక్ హాజరు తీసుకోకపోవడం లాంటి నిర్వహణ లోపాలు. "గుట్టు విప్పారు" అన్న మాట ఇక్కడ చెల్లదు. తర్వాత 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న మూడోసారి పరీక్ష జరిగింది. మధ్యలో ప్రభుత్వమూ మారింది, కమిషన్ సభ్యులూ మారారు. అదే విక్రమార్కుణ్ణి మళ్లీ తేవాలంటే, ఈసారి తప్పెవరిదో చెప్పే కొత్త వాక్యం ముందు రాసుకోవాలి.